గడువు లేని 371-డి: రాజ్యాంగంలో తేదీల సంగతి కూడా మాట్లాడుకుందాం

ఎడిటర్ గారికి నమస్కారం.

రాజ్యాంగం గురించి ఈ మధ్య మీ ఎడిట్ పేజీలో వస్తున్న వ్యాసాలన్నీ వదలకుండా చదువుతున్నాను. ఒకాయన, ఇన్ని సవరణలు చేశాక ఇంకా అసలు రాజ్యాంగం ఎక్కడ మిగిలింది, అతుకుల బొంత అయిపోయింది, కొత్తది రాసుకుందాం అంటారు. మర్నాడు ఇంకొకాయన, కామా కూడా కదపడానికి వీల్లేదని కళ్లెర్రజేస్తారు. ఇద్దరూ చూసేది సవరణల సంఖ్యనే. నేను జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పి రిటైరయినవాడిని, సంఖ్యలు బట్టీ పట్టించడం నాకూ అలవాటే గానీ, ఈ సంఖ్య మాత్రం ఏమీ చెప్పదండి. 1956లో 7వ సవరణ దేశం మ్యాపునే తిరగరాసింది. కొన్ని సవరణలు ఎనిమిదో షెడ్యూల్లో ఒక భాష పేరు చేర్చి ఊరుకున్నాయి. రెండూ లెక్కలో ఒక్కొక్కటే.

మార్చొచ్చా, మార్చకూడదా అన్న తగువు కూడా పాతదే. 1967లో గోలక్‌నాథ్ కేసులో మన కోకా సుబ్బారావు గారు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ధర్మాసనం 6-5 తేడాతో, ప్రాథమిక హక్కుల జోలికి పార్లమెంటు రాకూడదంది. 1971లో 24వ సవరణ తెచ్చి పార్లమెంటు, వస్తానంది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీలు కూర్చుని 7-6 తేడాతో, ఏదైనా మార్చుకోండి గానీ మౌలిక స్వరూపాన్ని ముట్టుకోకండని గీత గీశారు. ఒక్క జడ్జి తేడాతో వచ్చిన తీర్పే, అయినా ఇప్పటికీ అదే గీత దగ్గర ఆగుతున్నాం. దీని మీద కొత్తగా వాదించుకోవడానికి నాకైతే ఏమీ కనపడదు.

మీ పేజీలో ఎవరూ అడగని ప్రశ్న ఇంకోటి ఉంది. కాలం మారిందని ఒక మార్పు తెచ్చాం, సరే. ఆ కాలం కూడా మారిపోతే? తెచ్చిన మార్పును మళ్లీ ఎప్పుడు తీసి చూస్తాం, ఎవరు చూస్తారు? రాజ్యాంగం రాసినవాళ్లకు ఈ ఆలోచన బాగానే ఉంది, అందుకే కొన్నిచోట్ల గడువులు పెట్టారు. గడువు ఉన్నచోట ఏం జరిగింది, లేనిచోట ఏం జరిగింది అని చూస్తే, మన రాజ్యాంగం కాలంతో ఎలా నడుస్తోందో సవరణల సంఖ్య కంటే బాగా తెలుస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికుల కోటాకు మూలమైన 371-డి అధికరణం దాకా రావడానికే ఇదంతా చెబుతున్నాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు 334వ అధికరణం. 'అంబేడ్కర్ రిజర్వేషన్లు పదేళ్లకే పెట్టారు' అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ మీక్కూడా వచ్చే ఉంటుంది. ఆ పదేళ్లు చట్టసభల్లో ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన సీట్లకు, ఆంగ్లో ఇండియన్ల నామినేషన్‌కు పెట్టినవి. చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్లు 15, 16 అధికరణాల కింద వస్తాయి, వాటికి గడువు ఏనాడూ లేదు. చదువుకున్నవాళ్లే దీన్ని కలిపేసి మాట్లాడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. సరే, ఆ 334లో పదేళ్లు 1960లో తీరాల్సింది. అప్పటి నుంచి పదేళ్లకోసారి సవరణ తెచ్చి పొడిగిస్తూ వస్తున్నారు. ఆఖరిది 2019 డిసెంబరులో వచ్చిన 104వ సవరణ, 2030 దాకా. రెండు సభల్లోనూ ఒక్క వ్యతిరేక ఓటు పడలేదు.

అలాంటప్పుడు గడువు వల్ల ఒరిగిందేమిటి, మొక్కుబడిగా పొడిగించుకుంటూ పోవడమేగా అంటారేమో. పూర్తిగా మొక్కుబడి కాదండి. అదే 2019లో ఆంగ్లో ఇండియన్ల నామినేషన్‌ను పొడిగించలేదు. లోక్‌సభలో ఇద్దరు, మన అసెంబ్లీలో ఒకరు నామినేటెడ్ సభ్యులుగా ఉండేవారు గుర్తుందా, అది ఆ గడువుతో ఆగిపోయింది. 2011 జనగణన ప్రకారం దేశంలో ఆంగ్లో ఇండియన్లు 296 మందే అని ప్రభుత్వం సభలో చెబితే, ఆ లెక్కే తప్పని ప్రతిపక్ష సభ్యులు గట్టిగా వాదించారు. ఎవరిది రైటో ఇక్కడ తేల్చబోవడం లేదు. తేదీ ఉంది కాబట్టి ఆ లెక్క సభలోకి వచ్చింది, వాదన జరిగింది. తేదీ లేకపోతే అది ఇంకో వందేళ్లు ఎవరూ తిరిగి చూడకుండా పడి ఉండేది, లేదా ఏదో ఒక రోజు ఎవరికీ చెప్పకుండా తీసేసేవాళ్లు.

ఇంకో గడువు 45వ అధికరణంలో ఉండేది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని. 1960 వచ్చింది, పోయింది, ఏ ప్రభుత్వమూ ఉలకలేదు, పలకలేదు. కానీ ఆ పదేళ్లు అన్న మాట వృథా కాలేదు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ అని మన రాష్ట్రం పేరు మీదే సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ప్రైవేటు మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీల కాపిటేషన్ ఫీజుల గొడవ అది. అందులో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారు, ఆదేశిక సూత్రాలన్నిటిలోనూ గడువు పెట్టింది ఈ ఒక్కదానికే కదా, దానికి ఏ అర్థమూ లేదా అని నిలదీశారు. పద్నాలుగేళ్ల లోపు చదువు ప్రాథమిక హక్కే అని తేల్చారు. తర్వాత 2002లో 86వ సవరణ వచ్చింది, చదువును ప్రాథమిక హక్కు చేస్తూ 21-ఎ అధికరణం చేరింది, విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. యాభై ఏళ్లు ఆలస్యం. కానీ ఆ తేదీ అక్కడ లేకపోతే జడ్జి గారు వేలు పెట్టి చూపించడానికి ఏముండేది?

గడువులన్నీ మంచివే అని కూడా అనను. కేంద్రంలో ఇంగ్లిషు వాడకానికి 343వ అధికరణం 15 ఏళ్లు గడువు పెట్టింది. 1965 జనవరి 26 దగ్గర పడేసరికి మద్రాసు రాష్ట్రం అట్టుడికిపోయింది, ప్రాణాలు పోయాయి. ఇంగ్లిషు కొనసాగొచ్చని 1963లోనే చట్టం చేసినా జనానికి నమ్మకం చాలలేదు, 1967లో దాన్ని మళ్లీ సవరించాల్సి వచ్చింది. ముందు ఏళ్లంతా గమ్మున కూర్చుని, తేదీ నెత్తి మీదికొచ్చాక లేస్తే జరిగేది అదే.

ఇక మన సంగతి.

371-డి ఎక్కడుందో చూడండి. రాజ్యాంగం 21వ భాగంలో. ఆ భాగానికి మొదట పెట్టిన పేరు తాత్కాలిక, పరివర్తన కాలపు నిబంధనలని. 1962లో 13వ సవరణ నాగాలాండ్ కోసం 'ప్రత్యేక' అన్న మాట కూడా చేర్చింది. ఆ తలుపు గుండానే 1974లో మనమూ లోపలికి వెళ్లాం. ఎలా వెళ్లామో ఇప్పటి పిల్లలకు తెలియదు, చాలామంది రిపోర్టర్లకు కూడా తెలియదనిపిస్తుంది, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

నిజాం కాలం నుంచి హైదరాబాద్ రాష్ట్రంలో ముల్కీ నిబంధనలున్నాయి, 15 ఏళ్లు అక్కడ నివాసం ఉంటేనే సర్కారు కొలువు. 1956లో రెండు ప్రాంతాలు కలిశాక, తెలంగాణలో కొన్ని ఉద్యోగాలు అక్కడివాళ్లకే ఉండాలని 1957లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దానికి గడువుంది, ఐదేళ్లని మొదలుపెట్టి పొడిగిస్తూ పోయారు. ఆ రక్షణలు అమలు కావడం లేదన్న కోపంతోనే 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచింది. సరిగ్గా ఆ మంటల మధ్య, అదే ఏడాది మార్చిలో, సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కీలక సెక్షన్‌ను కొట్టేసింది. నివాసం షరతు పెట్టాలంటే మొత్తం రాష్ట్రానికి పెట్టొచ్చు గానీ రాష్ట్రంలో ఒక ముక్కకు పెట్టడానికి, ఉద్యోగాల్లో నివాసం షరతుకు వీలిచ్చే 16(3) అధికరణం ఒప్పుకోదని. మళ్లీ 1972 అక్టోబరులో అదే కోర్టు, పాత ముల్కీ నిబంధనలు చెల్లుతాయని చెప్పింది. ఈసారి ఇటు పక్క అంటుకుంది. ప్రత్యేక ఆంధ్ర కోసం లేచిన జై ఆంధ్ర ఉద్యమం రోజుల్లో నేను ఇంటర్ చదువుతున్నాను, నెలల తరబడి కాలేజీకి తాళం. 1973 జనవరిలో పి.వి. నరసింహారావు గారి ప్రభుత్వం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది.

ఆ ఏడాది సెప్టెంబరు 21న ఢిల్లీలో రెండు ప్రాంతాల నాయకులు కూర్చుని ఆరు సూత్రాల పథకానికి ఒప్పుకున్నారు. దాన్ని రాజ్యాంగంలో పెట్టిందే 32వ సవరణ, 1974 జులై 1 నుంచి అమలు. తెలంగాణ ఎమ్మెల్యేలతో ఉండే పాత ప్రాంతీయ సంఘం పోయింది, 371-డి, 371-ఇ వచ్చాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పుట్టింది ఆ 371-ఇ వల్లనే. 371-డి కింద రాష్ట్రపతి ఉత్తర్వులు రెండు వచ్చాయి, 1974లో అడ్మిషన్లకు ఒకటి, 1975లో ఉద్యోగాలకు ఒకటి. అడ్మిషన్లలో రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీల పేర్లతో ఎ.యు., ఓ.యు., ఎస్.వి.యు. అని మూడు ముక్కలు చేసి 85 శాతం సీట్లు స్థానికులకు ఇచ్చారు. ఉద్యోగాలకు ఆరు జోన్లు, కింది పోస్టుల్లో 80 శాతం జిల్లావాళ్లకు, పైవాటిలో 70, ఇంకా పైన 60. ఒక చట్టం కోర్టులో పడిపోతే, ఊళ్లు తగలబడుతుంటే, రాజ్యాంగమే ఒంగి దారిచ్చింది. ఆ రోజుకు అది మంచి పనే అని నేనిప్పటికీ అంటాను.

అందులో ఒక అన్యాయం కూడా దూర్చారు. ఉద్యోగుల కేసులకు ట్రిబ్యునల్ పెట్టి, ఐదో క్లాజులో, ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును మూడు నెలల లోపు రాష్ట్ర ప్రభుత్వం మార్చవచ్చు, రద్దు చేయవచ్చు అని రాశారు. ప్రతివాది ఎవరు? ప్రభుత్వమే. ఓడిపోయినవాడే తీర్పు చెల్లదని చెప్పుకోవడమన్నమాట. సాంబమూర్తి కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ క్లాజును మౌలిక స్వరూపానికి విరుద్ధమని తీసి అవతల పారేసింది. అంటే 371-డిలో ఒక ముక్కకు సమీక్ష జరిగింది, అదీ కొందరు ఉద్యోగులు కోర్టు మెట్లెక్కితే. మిగతా ముక్కలకు ఆ అదృష్టం పట్టలేదు. 1985లో జీవో 610, 2001లో గిర్‌గ్లానీ కమిషన్ అని మీరనొచ్చు. అవి ఉత్తర్వును ఎక్కడెక్కడ ఉల్లంఘించారో వెతికినవి. అసలా ఉత్తర్వులో లెక్క ఇంకా సరైనదేనా అని చూసినవి కావు.

2014లో ఏం జరిగిందో చూడండి. ఒకే రాష్ట్రంలో రెండు ప్రాంతాల పేచీ తీర్చడానికి వచ్చిన అధికరణం, ఆ రెండు ప్రాంతాలూ రెండు రాష్ట్రాలైపోయిన రోజున ఏం కావాలి? ఉండాలా, మారాలా, ఎంత మారాలి, కనీసం ఒక కమిటీ వేసి అడగాలి కదా. విభజన చట్టం 97వ సెక్షన్‌లో, ఆంధ్రప్రదేశ్ అని ఉన్నచోట తెలంగాణ పేరు కూడా చేర్చి ముందుకు పోయారు. 371-డి ఉండగా, రాజ్యాంగ సవరణకు 368వ అధికరణం అడిగే ప్రత్యేక మెజారిటీ లేకుండా రాష్ట్రాన్ని ఎలా విడదీస్తారని అప్పట్లో టీవీల్లో ఎంత వాదించుకున్నారో గుర్తుంది కదా, కొత్త రాష్ట్రాల ఏర్పాటుకు సంబంధించిన 3, 4 అధికరణాల కింద మామూలు మెజారిటీతోనే అంతా అయిపోయింది. ఆ తర్వాత 2018లో తెలంగాణకు కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చి ఏడు జోన్లు, రెండు మల్టీ జోన్లు, స్థానికులకు 95 శాతం అయ్యాయి. 80 నుంచి 95కి ఎందుకు వెళ్లాలి? ఆదిలాబాద్ పిల్లలు హైదరాబాద్ పిల్లలతో పోటీ పడలేకపోతున్నారనా? అయితే ఆ లెక్కలేవి? వెనకబడిన జిల్లాకు మేలు జరుగుతుందంటే నేనూ చేయెత్తుతాను, కానీ 1975 నుంచి ఏ జిల్లాకు ఎన్ని ఉద్యోగాలొచ్చాయో ఒక పుస్తకంగా వేసి జనం ముందు పెట్టాక కదా శాతాలు మార్చాల్సింది.

నేలమీద ఇది ఎలా ఉంటుందో చెబుతాను. రిటైరయ్యాక కూడా మా పాత విద్యార్థులు పిల్లల కాగితాలు పట్టుకుని నా దగ్గరికే వస్తుంటారు. ఒక కుర్రాడి సంగతి చూడండి. తండ్రి మేస్త్రీ పని. వాడు ఒకటి నుంచి ఐదు మా ఒంగోలు పక్క ఊళ్లో చదివాడు, ఆరు నుంచి ఇంటర్ దాకా హైదరాబాద్‌లో. తెలంగాణలో ఉద్యోగానికి చూసేది ఒకటి నుంచి ఏడు తరగతులు, అందులో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడి లోకల్. ఐదేళ్లు ఇక్కడే కాబట్టి వాడక్కడ నాన్‌లోకల్. సరే ఆంధ్రకు వద్దామంటే, 1975 నాటి ఉత్తర్వు లెక్కలో చూసేది పదో తరగతితో ముగిసే చివరి ఏళ్లు, అవి హైదరాబాద్‌లో. ఇక్కడా నాన్‌లోకల్. పోనీ సీటు? దానికి ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు చూస్తారు కాబట్టి హైదరాబాద్‌లో లోకలే. అక్కడ సీటు ఇచ్చి చదివించిన రాష్ట్రం ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి నువ్వెవరంటుంది. వాడు అడిగాడు, 'మరి నేనెక్కడివాణ్ని సార్?' అని. నా నలభై ఏళ్ల సివిక్స్‌లో ఆ ప్రశ్నకు జవాబు లేదు.

విభజన తర్వాత హైదరాబాద్ నుంచి ఆంధ్రకు తరలివచ్చేవాళ్లకు మూడేళ్ల లోపు వస్తే స్థానికులే అని వెసులుబాటు ఇచ్చి, తర్వాత పొడిగించారు. అది ఉద్యోగుల కుటుంబాలకు బాగా పనికొచ్చింది. ఇటుకలు మోసేవాడికి ఏ ఉత్తర్వు ఎప్పుడు వచ్చిందో ఎవరు చెబుతారు? పైగా స్టడీ సర్టిఫికెట్లు. ఏ క్లాసు ఎక్కడ చదివితే అక్కడికి పోయి బోనఫైడ్ తేవాలి. ఆ ప్రైవేటు స్కూలు మూతపడి అక్కడ టిఫిన్ సెంటరు వెలిసి ఉంటుంది, రికార్డులు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు, ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరుగుడు, ఈలోపు కౌన్సెలింగ్ తేదీ. ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది.

ఇంకో చిత్రం చెప్పనా. 1974 ఉత్తర్వులో మా ప్రకాశం జిల్లా ఎ.యు. పరిధి, పక్కనున్న నెల్లూరు జిల్లా ఎస్.వి.యు. పరిధి. ఒంగోలులో చదివితే శ్రీకాకుళం వాళ్లతో కలిపి లెక్క, బస్సెక్కి కావలి వెళ్తే అనంతపురం వాళ్లతో లెక్క. 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, ప్రకాశంలో కలిసింది కాబట్టి ఎ.యు. అయింది. ఆ కొండల పక్క ఊళ్ల కరువు రాయలసీమ కరువే, లెక్క మాత్రం కోస్తాది. అప్పట్లో ఉన్న జిల్లాల గీతలు చూసి ఎవరో ఆఫీసులో కూర్చుని రాసి ఉంటారు, తప్పు పట్టను. కానీ జిల్లాలే మళ్లీ మళ్లీ మారిపోయాక, యూనివర్సిటీలు ఊరికొకటి వచ్చాక, ఇప్పటికీ ఆ గీతలేనా?

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. 371-డి ఎత్తేయమని నేను అనడం లేదు. అది ఎత్తేస్తే సీట్లన్నీ కోచింగ్ ఉన్న ఊళ్లకు పోతాయి, ఉత్తరాంధ్ర పిల్లలు, పాలమూరు పిల్లలు మళ్లీ మొదటికొస్తారు. నా గోడు, దాన్ని మళ్లీ చూసే తేదీ ఎక్కడా లేదనే.

తేదీ పెట్టడం రాజ్యాంగానికి కొత్తేమీ కాదు. 280వ అధికరణం కింద ఐదేళ్లకోసారి ఫైనాన్స్ కమిషన్ వేయాల్సిందే, ఏ ప్రభుత్వం ఉన్నా. ఆరో కమిషన్‌కు మన కాసు బ్రహ్మానందరెడ్డి గారు చైర్మన్, 1969 ఉద్యమం నాటి ముఖ్యమంత్రి ఆయనే. పద్నాలుగోదానికి వై.వి. రెడ్డి గారు. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా 32 నుంచి 42 శాతానికి పెరిగింది ఆయన కమిషన్ సిఫార్సుతోనే, దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేకపోయింది. ఆ తర్వాతి కమిషన్ 41 అంది. దానికి ఊళ్లేమీ తగలబడలేదు. రాష్ట్రాలు సణుగుతాయి, మెమోరాండాలు ఇస్తాయి, లెక్కలు బయటికొస్తాయి, ఐదేళ్లకు మళ్లీ మొదలు. డబ్బు విషయంలో ఇంత బుద్ధిగా ఉన్న రాజ్యాంగం పిల్లల సీట్ల విషయంలో ఎందుకు ఉండకూడదు?

ఇలా ఎప్పటికప్పుడు లెక్క చూసుకోకుండా తేదీని మాత్రం ముందుకు తోస్తూ పోతే ఏమవుతుందో నియోజకవర్గాల పునర్విభజనలో చూస్తున్నాం. 1976లో 42వ సవరణ, రాష్ట్రాల సీట్ల సంఖ్యను 2000 తర్వాతి మొదటి జనగణన దాకా కదపొద్దంది. ఆ తేదీ వచ్చేసరికి 84వ సవరణ తెచ్చి 2026 తర్వాతి మొదటి జనగణన దాకా తోశారు. మధ్యలో యాభై ఏళ్లు, కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలకు నష్టం రాకుండా ఏం చేయాలో ఒక్క ప్రభుత్వమూ ముసాయిదా రాసి పెట్టలేదు. గడువు ముంచుకొచ్చాక దక్షిణాది అంతా గుండెలు బాదుకుంటోంది. విభజన చట్టంలో ఆంధ్ర అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225కి, తెలంగాణవి 119 నుంచి 153కి పెంచుతామని రాశారు, అదే సెక్షన్‌లో, ఆ జనగణన దాకా అసెంబ్లీ సీట్ల సంఖ్యను కదపనివ్వని 170వ అధికరణానికి లోబడి అని కూడా రాశారు. కాబట్టి అదీ ఆ తేదీకే కట్టేసి ఉంది. 2023 సెప్టెంబరులో వచ్చిన మహిళా రిజర్వేషన్ల సవరణనూ జనగణనకు, పునర్విభజనకే ముడేశారు. అందుకే వట్టి తేదీ పెడితే చాలదంటాను. తేదీకి రెండేళ్ల ముందే కమిషన్ కూర్చోవాలి, దాని రిపోర్టు సభల్లో పెట్టాలి, పెట్టకపోతే పొడిగింపు చెల్లకూడదు.

371-డికి సంబంధించి నేను కోరేది ఇంతే. పదేళ్లకోసారి రెండు రాష్ట్రాలకూ కలిపి ఒక స్వతంత్ర సంఘం. ఏ జిల్లాలో పుట్టి, ఎక్కడ చదివినవాళ్లకు ఎన్ని సీట్లు, ఎన్ని కొలువులు వచ్చాయో లెక్క. లోకల్ అంటే ఎవరన్నదానికి రెండు రాష్ట్రాల్లోనూ, సీటుకూ ఉద్యోగానికీ, ఒకదానితో ఒకటి పొసిగే నిర్వచనం, కనీసం ఎవడూ రెండు చోట్లా పరాయివాడు కాకుండా. చాలావరకు ఇది రాష్ట్రపతి ఉత్తర్వులు సవరిస్తే అయ్యే పనే, రాజ్యాంగం దాకా పోనక్కర్లేదు. సమీక్ష తప్పనిసరి చేయడానికి మాత్రం 371-డిలో ఒక క్లాజు కావాలి.

తేనెతుట్టెను కదపొద్దు మాస్టారూ, మళ్లీ ప్రాంతీయ గొడవలు లేస్తాయని మా మిత్రులు హెచ్చరిస్తున్నారు. ఆ భయం నాకూ ఉంది, ఆ రోజులు చూసినవాణ్ని. కానీ 1969లో గానీ 1972లో గానీ గొడవ లేచింది ఎవరో నెమ్మదిగా లెక్కలు చూసినందుకు కాదు. ఏళ్ల తరబడి ఎవరూ చూడక, జనం కోర్టు తీర్పుల రూపంలో వార్త విన్నందుకు. ఇప్పుడూ ఏటా అడ్మిషన్ల సీజన్‌లో స్థానికత మీద హైకోర్టులో పిటిషన్లు పడుతూనే ఉన్నాయి, ఆగస్టు దాకా పిల్లలకు కాలేజీ ఏదో తెలియడం లేదు.

మీ పత్రికకు రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా ఎడిషన్లున్నాయి కదా. ఈసారి డీఎస్సీ, గ్రూప్స్ ఫలితాలొచ్చినప్పుడు ఫస్ట్ ర్యాంకర్ల ఫొటోలతో పాటు, ప్రతి జిల్లాలో లోకల్ కోటా పోస్టులెన్ని, నింపినవెన్ని, నాన్‌లోకల్ అని వెనక్కి పంపిన దరఖాస్తులెన్ని, ఒక చిన్న పట్టిక వేయండి. ప్రభుత్వాలు ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఎమ్మెల్యేలు అసెంబ్లీలో అడగడానికి కనీసం ఒక కాగితం చేతికొస్తుంది.

మరో చిన్న సంగతి, మీ డెస్కువాళ్లకు. జమిలి ఎన్నికల వార్తల్లో '129వ సవరణ' అని పదే పదే వేస్తున్నారు. అది 2024 డిసెంబరులో సభలో పెట్టిన బిల్లు వరుస నంబరు. బిల్లులకు ఒక వరుస, పాసై చట్టమైన సవరణలకు ఇంకో వరుస ఉంటాయి. మహిళా రిజర్వేషన్లది 128వ బిల్లుగా వచ్చి 106వ సవరణ అయింది. పోటీ పరీక్షలకు మీ పేపర్ చదివే పిల్లలు ఇక్కడే తప్పు రాసి మార్కులు పోగొట్టుకుంటున్నారు, హెడ్డింగులో 'బిల్లు' అన్న మాట తప్పకుండా ఉంచండి.

ఇట్లు,
మీ పాఠకుడు, రిటైర్డ్ సివిక్స్ లెక్చరర్,
ఒంగోలు